పిల్లల తలలో తల్లి తప్పు వెదికిన పుస్తకం

1943లో బ్రిటన్‌లో వచ్చిన 'అవర్ టౌన్స్' స్త్రీలు రాసిన పుస్తకం. ఆ దేశంలో తొలి మహిళా కేబినెట్ మంత్రి అయిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ నాయకత్వంలోని మహిళా బృందం తరఫున ఒక కమిటీ రాసింది. అందుకే ఇష్టంగా మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి మనసంతా చేదయింది.

1939 సెప్టెంబరు మొదట్లో, బాంబులు పడతాయని, దాదాపు 15 లక్షల మందిని నగరాల నుంచి పల్లెలకి తరలించారు. వాళ్లలో 8 లక్షలకి పైగా అమ్మానాన్నలు వెంటలేని బడిపిల్లలు. ఆశ్రయమిచ్చిన ఇళ్లలో ఆడవాళ్లు ఆ తలల్లో పేలు, చర్మం మీద గజ్జి, రోజూ తడిసే పక్కలు చూసి గగ్గోలు పెట్టారు. (ఆ దుప్పట్లు ఉతికిందీ ఆడవాళ్లే కదా!) ఈ పుస్తకం ఆ ఫిర్యాదుల మీద జరిగిన విచారణ.

బడిపిల్లలకి వైద్య పరీక్షలు 1907 చట్టంతోనే వచ్చాయి. మరి ముప్ఫయ్యేళ్లు నర్సులు తలలు చూశాక ఇన్ని పేలెక్కడివి? తరలింపు వేసవి సెలవుల చివర జరగడంతో చాలామంది ఏ పరీక్షా లేకుండానే రైలెక్కారు. అదొక్కటే కాదు. కెన్నెత్ మెలన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే, పారిశ్రామిక నగరాల ఆడపిల్లల్లో సుమారు సగం మందికి పేలున్నట్టు తేలింది. బడి లెక్కల్లో అందులో కొద్ది భాగమే కనిపించేది. తప్పుడు లెక్క రాసుకున్న వ్యవస్థని వదిలేసి అందరూ తల్లి మీద పడ్డారు.

'అవర్ టౌన్స్' ఇరుకు ఇళ్ల గురించీ, నీటి కరువు గురించీ రాయకపోలేదు. నర్సరీ బడులు కావాలని గట్టిగానే అడిగింది. కానీ 'సమస్యాత్మక కుటుంబం' అనే ముద్రని వాడుకలోకి తెచ్చిందీ అదే. ఆ ముద్ర యుద్ధం తర్వాత కూడా పేద తల్లుల్ని వదల్లేదు.

దీని పక్కన మార్జరీ స్ప్రింగ్ రైస్ 1939లో ప్రచురించిన 'వర్కింగ్ క్లాస్ వైవ్స్' పెట్టుకుని చదవాలి. 1,250 మంది పెళ్లయిన స్త్రీలని వాళ్ల ఆరోగ్యం గురించే అడిగిన పుస్తకం అది. రక్తహీనత, నడుంనొప్పి, పుచ్చిన పళ్లు. భర్తకీ పిల్లలకీ పెట్టాక మిగిలిందే తన తిండి. 'అవర్ టౌన్స్' దువ్వెన పట్టుకోలేదని నిందించిన చెయ్యి ఈ మనిషిది. పిల్లల్ని చూడ్డానికి బడి డాక్టరున్నాడు. భర్తకి జబ్బుచేస్తే 1911 బీమా చట్టముంది. జీతం లేని చాకిరీ చేసే భార్యకి, కాన్పు భత్యం తప్ప, ఆ చట్టంలో చోటులేదు. ఆమె ఒంటిని ఎవరూ పరీక్షించలేదు గానీ ఆమె గుణాన్ని మాత్రం పిల్లల తలల్లో పరీక్షించారు. అది చేసింది చదువుకున్న స్త్రీలు కావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక ఆ తల్లులు డబ్బు లేకుండా డాక్టరు దగ్గరికి రాగలిగారు. గర్భసంచి జారిపోయి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా ఇంటిపని లాక్కొస్తున్న వాళ్లు వాళ్లలో ఉన్నారు.