మెట్టు పరీక్ష, సూత్రం, విద్యార్థిని: వ్యాయామ శాస్త్ర ప్రయోగశాల బోధనపై విమర్శ

న్యూయార్క్‌లోని క్వీన్స్ కాలేజీలో మెకార్డిల్, ఆయన సహ పరిశోధకులు రూపొందించి 1972లో ప్రకటించిన మెట్టు పరీక్ష వ్యాయామ విద్యా బోధనలో నేటికీ నిలిచి ఉంది. ట్రెడ్‌మిల్, శ్వాసవాయు విశ్లేషణ యంత్రం లేని ప్రయోగశాలకు 16.25 అంగుళాల బల్ల, మెట్రోనోమ్, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. యువకులు నిమిషానికి 24 సార్లు, యువతులు 22 సార్లు చొప్పున 3 నిమిషాలు బల్ల ఎక్కి దిగుతారు. ఆగిన తరువాత 5వ సెకను నుండి 20వ సెకను వరకు నాడిని లెక్కించి 4తో హెచ్చిస్తారు. యువతులకైతే ఆ సంఖ్యను 0.1847తో గుణించి 65.81 నుండి తీసివేస్తారు. యువకులకు ఈ అంకెలు 0.42, 111.33. వచ్చిన ఫలితమే కిలో శరీర బరువుకు నిమిషానికి వినియోగించుకోగల గరిష్ఠ ప్రాణవాయువు, మిల్లీలీటర్లలో.

ఇది కొలత కాదు, అంచనా. రికార్డు పుస్తకంలో రెండు దశాంశ స్థానాలతో రాసినంత మాత్రాన ఆ భేదం తొలగిపోదు.

సూత్రాన్ని కొంచెం కదిపి చూస్తే విషయం తేటపడుతుంది. నాడి 180 నుండి 140కి తగ్గితే యువకుని ఫలితం 16.8 మిల్లీలీటర్లు పెరుగుతుంది. యువతి ఫలితం పెరిగేది 7.39 మాత్రమే. క్రమం తప్పక సాధన చేసి నాడిని 8 స్పందనల మేర తగ్గించుకున్న విద్యార్థినికి ఈ సూత్రం ఇచ్చే ప్రతిఫలం 1.48. మణికట్టు వద్ద లెక్కించే సహవిద్యార్థిని రెండు స్పందనలు పొరబడినా అంతే తేడా వస్తుంది. ఆమె శ్రమ, ఈమె పొరపాటు రికార్డులో ఒకే రూపంలో కనిపిస్తాయి.

పురుషుల ప్రమాణాన్ని స్త్రీలపై రుద్దడమే ఇందుకు కారణమనడం తొందరపాటు. 1972 నాటి అధ్యయనం జరిగింది కళాశాల విద్యార్థినులపైనే. అయితే వారు అమెరికా విద్యార్థినులు. 2004లో వెలువడిన కలకత్తా అధ్యయనం ఈ పరీక్ష భారతీయ యువకులకు ఉపయోగపడుతుందని తేల్చింది. ఆ మరుసటి ఏడాది విద్యార్థినులపై వచ్చిన అధ్యయనం మాత్రం పాత సూత్రం సరిపోదని చెప్పి వేరొక సూత్రాన్ని ప్రతిపాదించింది. బల్ల ఎత్తు మారదు, ఎక్కేవారి కాళ్ల పొడవు మారుతుంది. 150 సెంటీమీటర్ల విద్యార్థినికీ 170 సెంటీమీటర్ల విద్యార్థినికీ అదే మెట్టు ఒకే శ్రమ కాదు. సూత్రంలో ఎత్తుకు చోటే లేదు.

ఇంతకీ లోపం పరీక్షది కాదు. చవకైన సాధనంగా దాని విలువ తక్కువేమీ కాదు. సూత్రాన్ని బోర్డుపై రాసి, అది ఎవరి శరీరాల నుండి పుట్టిందో చెప్పకపోవడమే బోధనలోని లోపం. ఫలితంతో పాటు అసలు నాడి సంఖ్యను, విద్యార్థిని ఎత్తును నమోదు చేయించాలి. వేరొక రోజు పరీక్షను మళ్లీ చేయించి రెండు ఫలితాల అంతరాన్ని ఆమె చేతనే లెక్కింపజేయాలి. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు, రికార్డు పుస్తకంలో మరి మూడు గడులు చాలు.