తిక్కన అంటే ఏ తిక్కన?

మన సాహిత్య చరిత్రకారులను పేర్లు పెట్టినంత తిప్పలు మరేదీ పెట్టలేదు. మనుచరిత్ర రాసిన అల్లసాని పెద్దన ఉన్నాడు. అంతకు ముందే కావ్యాలంకార చూడామణి రచించిన విన్నకోట పెద్దన ఉన్నాడు. పింగళి సూరన ఉన్నాడు. విష్ణుపురాణాన్ని తెనిగించిన వెన్నెలకంటి సూరన ఉన్నాడు. భాస్కర రామాయణం పేరులోని భాస్కరుడు హుళక్కి భాస్కరుడా, మంత్రి భాస్కరుడా అని పండితులు తరతరాలుగా వాదించుకున్నారు. తాత పేరు మనుమడికి పెట్టుకునే ఆచారం మనది. అందుచేత ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తూ ఉంటుంది. వీరేశలింగంగారి ఆంధ్రకవుల చరిత్రము మొదలుకొని ఎవరు ఎవరో విడదీసి చెప్పడానికి మన పరిశోధకులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. దానిని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. ఇంటిపేరు, గోత్రం, తండ్రి పేరు, కృతిపతి, కాలం - ఇవి తేలనిదే విమర్శకు నిలబడే చోటే లేదు.

అయితే ఇవి తేలగానే పని ముగిసిందనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. ఒక పేరును ఇద్దరు మోసినప్పుడు, ఆ ఇద్దరినీ లోకం ఏయే గుర్తులతో విడదీసింది, ఎవరి జ్ఞాపకాన్ని ఎవరు కాపాడారు, ఎందుకు కాపాడారు అన్నది సాహిత్య విమర్శ తప్పక వేసుకోవలసిన ప్రశ్న. దీనికి పదమూడవ శతాబ్దపు నెల్లూరును మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

ఆనాటి విక్రమసింహపురిలో తిక్క అనే పేరుగలవారు ముగ్గురు ప్రసిద్ధులు. మొదటివాడు తెలుగుచోడ ప్రభువైన తిక్కభూపాలుడు, మనుమసిద్ధి తండ్రి, చోళస్థాపనాచార్య బిరుదాంకితుడు. రెండవవాడు మంత్రి భాస్కరుని మనుమడు, కొమ్మన కొడుకు, మహాభారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి. మూడవవాడు అదే భాస్కరుని మనుమడు, సిద్ధన కొడుకు, మనుమసిద్ధి కొలువులో సేనాని, ఖడ్గ తిక్కన. ఇతనినే రణతిక్కన అని కూడా అంటారు. కవీ సేనానీ అన్నదమ్ముల బిడ్డలు. కనుక ఇంటిపేరు కూడా వారిని విడదీయలేదు, ఇద్దరూ కొట్టరువువారే. కొట్టారమంటే ధాన్యాదులు నిలవచేసే చోటు. కొలువులో చేసిన ఉద్యోగాన్నిబట్టి ఆ ఇంటిపేరు వచ్చి ఉంటుందని పండితుల ఊహ. ఊహ నిజమైనా కాకపోయినా, ఆ కుటుంబం రాజ్యాధికారపు నీడలో బతికిన నియోగి కుటుంబమన్నది నిర్వివాదం. ఆ వంశక్రమం ఈనాడు మనకు తెలుస్తున్నదంటే, దశకుమార చరిత్రమును సోమయాజికే అంకితమిచ్చిన మూలఘటిక కేతన కృతిపతి వంశాన్ని వర్ణించడం ముఖ్యకారణం. అక్కడ కూడా పేరు చిక్కు తప్పలేదు: మంత్రి భాస్కరుని కొడుకులు నలుగురిలో ఒకడి పేరు కేతనే!

ముగ్గురు తిక్కల జ్ఞాపకాలూ మూడు దారుల్లో మన దాకా వచ్చాయి. రాజు తిక్కను శాసనాలు కాపాడాయి. ఆయన బిరుదులు, దానాలు, విజయాలు రాతి మీద ఉన్నాయి. నిర్వచనోత్తర రామాయణం అవతారికలో కవి కూడా కృతిపతి తండ్రిగా ఆయనను కీర్తించాడు. కవి తిక్కనను ఆయన గ్రంథమే కాపాడింది. కానీ సేనాని తిక్కనకు శాసనమూ లేదు, కావ్యమూ లేదు. ఆయన మిగిలింది జనం నోట: ఒకవైపు చాటుపద్యాలలో, మరొకవైపు ఆయన ఎవరి మీద కత్తి దూశాడో ఆ గొల్లల వీరగాథలలో.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మనకు అలవాటు లేదు. తరగతి గదుల్లో చెప్పేది చాటుపద్యాల కథే. సేన అంతా నశించగా ఖడ్గ తిక్కన ఒంటరిగా ఇల్లు చేరాడట. భార్య చానమ్మ ఆడవాళ్ల స్నానానికి పెట్టినట్టు మంచం చాటు కట్టి, బిందెతో నీళ్లు, పసుపుముద్ద పెట్టిందట. తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసి, కొడుకు మాత్రమే కాదు పాలు కూడా విరిగాయని అన్నదట. ఆ అవమానానికి తాళలేక అతను తిరిగి యుద్ధానికి పోయి వీరస్వర్గం పొందాడట. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్యమణిమంజరి వంటి సంకలనాల వల్ల ఇటువంటి పద్యాలు నేటికీ నిలిచాయి. వాటిలో నుడికారం ఉంది, శ్లేష ఉంది, ఒక ఇంటి వంటగదిలో నాటకం నడిపించే నేర్పు ఉంది. వాటిని చదివి విద్యార్థులు ఇప్పటికీ ముగ్ధులవుతారు.

కానీ ఆ పద్యాలు ఒక ప్రశ్నను దగ్గరకు రానివ్వవు: ఆ యుద్ధం దేనికోసం? చాటువులకు కావలసింది పరువు ఒక్కటే. వెనుదిరిగినవాడు ఆడదానితో సమానమన్న ఒక్క విలువ చుట్టూ ఆ కథ అల్లుకున్నది. ఆ విలువను పలికించడానికి ఇద్దరు ఆడవాళ్లనే వాడుకున్నారు. కొడుకును చావుకు పంపే తల్లి, భర్తను చావుకు పంపే భార్య - భూస్వామ్య నీతికి ఇంతకంటె అనుకూలమైన సాక్షులు దొరకరు. సేన అంతా పోయినవాడు మళ్లీ సేన కూర్చుకోవడానికి వచ్చాడేమో, రాజుకు సంగతి చెప్పడానికి వచ్చాడేమో అని ఆ పద్యాలలో ఎవరూ అడగరు. నిండు కొలువులో సేన లేదనీ యుద్ధం ఆపమనీ చెప్పదగిన హక్కు ఒక సేనానికి ఉండవచ్చునన్న ఆలోచనే అక్కడ పొడసూపదు.

గాథల సంగతి వేరు. కాటమరాజు కథ పేరుతో యాదవుల ఆశ్రితులైన కొమ్ములవారు మొదలైనవారు పాడుతూ వచ్చిన ఆ కథాచక్రంలో మొదటి మాట మేత. అనావృష్టికి తాళలేక మందలు దక్షిణానికి దిగుతాయి. నెల్లూరి రాజు బీళ్లలో మేపుకోవడానికి ఒడంబడిక కుదురుతుంది: మేతకు బదులుగా పుట్టిన కోడెదూడలు రాజుకు. తరువాత రాజు ఉంపుడుకత్తె చిలుక చావు, దానికి ప్రతిగా ఆవులను చంపడం, అందుకు కోపించి కాటమరాజు పుల్లరి కట్టననడం, పాలేటి ఒడ్డున ఎఱ్ఱగడ్డపాటి యుద్ధం. చిలుక కథ గాయకుల కల్పన కావచ్చు. కానీ దాని అడుగున ఉన్న గొడవ మాత్రం కల్పన కాదు. గడ్డి ఎవరిది? దాని మీద పన్ను వేసే హక్కు ఎవరిది? కరువు వచ్చినప్పుడు ఒడంబడిక ఎవరిని కాపాడాలి? చాటుపద్యాలు దాటవేసిన ప్రశ్నలన్నీ గాథలో ఉన్నాయి. ఖడ్గ తిక్కన అక్కడ రాజు పక్షాన పుల్లరి కోసం వచ్చిన సేనాని. శత్రువైనా అతని పరాక్రమాన్ని గాథ చిన్నబుచ్చలేదు. ఈ ఔదార్యం చాటువులలో లేదు. అక్కడ గొల్లలు పేరులేని శత్రువులు మాత్రమే.

ఇక్కడ మరొక పేరు చిక్కు ఉంది. గాథలో నెల్లూరి రాజు పేరు నల్లసిద్ధి. నెల్లూరి చోడులలో నల్లసిద్ధి పేరుగలవారు ఉన్నారు, మనుమసిద్ధులూ ఒకరికి మించి ఉన్నారు. చరిత్రకారులు ఖడ్గ తిక్కన కాలాన్నిబట్టి ఈ నల్లసిద్ధి మనుమసిద్ధేనని సాధారణంగా అంగీకరించారు. పాటగాళ్లకు ఈ తేడా అక్కరలేదు. వాళ్ల దృష్టిలో పుల్లరి అడిగిన ప్రతి ప్రభువూ సిద్ధిరాజే. శాసన పరిశోధకుడికి ఇది దోషం. విమర్శకుడికి ఇదొక సాక్ష్యం: ఏలికలు మారినా ఏలుబడి మారదన్న అనుభవం పేర్లను కలిపివేసింది.

అలాగని గాథను నెత్తిన పెట్టుకుని చాటువును కాలదన్నమని నేననను. మన మిత్రులు కొందరు జానపదమనగానే అది ప్రజాపక్షమని తేల్చివేస్తారు. కాటమరాజు నిరుపేద పశువులకాపరి కాడు. వేలకొద్దీ పశువులకు అధిపతి, పేరులోనే రాజు. గాథలో కులగౌరవం దండిగా ఉంది, మహిమలున్నాయి, చావును ఉత్సవం చేసే వీరధర్మం అక్కడా ఉంది. యుద్ధం నాటిదీ కాదు ఆ పాట. తరాల గాయకుల నోళ్లలో పెరిగింది. తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఎంతో శ్రమించి ఈ కథలను సేకరించి పరిష్కరించిన తరువాత, దానిని ఒకే పాటగా కాక అనేక కథల సమాహారంగా చూడవలసిన బాధ్యత మన మీద పడింది. ఇన్ని చెప్పుకున్నా ఒక మాట నిలుస్తుంది. యుద్ధానికి ఆర్థిక కారణం ఉంటుందని చాటుకవి మరచిపోయిన చోట గాయకుడు మరచిపోలేదు.

మరి కవి తిక్కన మాటేమిటి? తన పినతండ్రి లేదా పెదతండ్రి కొడుకు, తన పేరే పెట్టుకున్నవాడు, తాను కావ్యం అంకితమిచ్చిన రాజు కోసం చనిపోయాడు. ఆ చావును గురించి ఆయన కావ్యాలలో ఒక్క మాట లేదు. దీనిని పట్టుకుని ఆయన ఆస్థానకవి, కనుక మౌనంగా ఉన్నాడని తీర్పు చెప్పడం సులభం. మన పక్షంలోనే ఆ తీర్పు విన్నాను. నేను దానితో ఏకీభవించను. కావ్యావతారికలో యుద్ధవార్తలు చెప్పుకోవడం ఆనాటి కవికి విధి కాదు. కవి ఏమి చెప్పలేదన్నదానికంటె ఏమి ఎన్నుకున్నాడు, ఎలా చెప్పాడు అన్నదే విమర్శకు ఆధారం.

ఆయన భారతాన్ని ఎత్తుకున్నది విరాటపర్వంతో. ఆ పర్వంలో ప్రధాన ఘట్టం గోగ్రహణం, అంటే పశువుల మంద కోసం జరిగిన యుద్ధం. మందల కోసం బంధువును పోగొట్టుకున్న ఊళ్లో కూర్చుని ఆయన ఆ ఘట్టాన్ని రాశాడని చెప్పగలిగితే ఎంత బాగుండేది! కానీ ఏది ముందో, ఏది వెనుకో తేల్చే ఆధారం లేనప్పుడు అలా చెప్పడం కథలల్లడమే అవుతుంది. చెప్పదగినది వేరొకటి ఉంది. విరాటపర్వంలో గోపాలకులు పరుగున వచ్చి రాజభవనంలో మొరపెట్టుకుంటారు. ఆ తరువాత తెర వెనక్కు పోతారు. మిగిలిన యుద్ధమంతా రాజులది. కాటమరాజు కథలో తెర వెనక్కు పోయేవాళ్లెవరూ లేరు. మందలు మేపినవాళ్లే యోధులు. గోవుల కోసం పోరు అన్న ఒకే వస్తువును ప్రౌఢకావ్యం ఒక మెట్టు నుంచి, గాథ మరొక మెట్టు నుంచి చూశాయి. ఇది తిక్కన లోపం కాదు, ఆ కావ్యజాతికి ఉన్న హద్దు.

ఆ హద్దులోనే ఆయన చేసిన పని గమనించాలి. ఉత్తరకుమారుడు యుద్ధానికి భయపడి రథం దిగి పారిపోతాడు. చాటుకవులైతే అతనికి పసుపుముద్ద పెట్టేవారు. ఆ కథలో బృహన్నల అతన్ని పట్టుకుని, ధైర్యం చెప్పి, సారథిగా పనికి పెట్టుకుంటాడు. భయపడ్డవాడికి చావు తప్ప మరో దారి ఉన్నదని చెప్పే ఘట్టమది. మూలం వ్యాసునిదే, నిజం. కానీ ఆ భయంలోని మానవత్వాన్ని నవ్విస్తూనే నమ్మేటట్టు తెలుగు చేసినది తిక్కన. అలాగే స్త్రీపర్వంలో గాంధారి కొడుకుల శవాల మధ్య నిలబడి విలపిస్తుంది. కృష్ణుడినే నిలదీసి శపిస్తుంది. కొడుకు పాలు విరిచి పోసిన తల్లి ఎక్కడ, ఈ తల్లి ఎక్కడ! ఒకే కాలపు తెలుగుదేశం గురించిన ఊహల్లో ఈ ఇద్దరు తల్లులూ ఉన్నారు. మనం ఎవరిని పిల్లలకు పాఠంగా చెబుతున్నామన్నదే ప్రశ్న. ఇంకొకటి: మొదటి కావ్యాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చిన కవి భారతాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు, హరిహరనాథునికి ఇచ్చాడు. కారణం భక్తి అని ఆయనే చెప్పుకున్నాడు, ఒప్పుకుందాం. అయినా రాజు పేరు లేని భారతం తెలుగువారికి దక్కిందన్నది చిన్న విషయం కాదు.

పాఠ్యపుస్తకాల్లో ఇద్దరు తిక్కనలనూ కలిపి, కలమూ కత్తీ ఒక ఇంట పుట్టాయని, కొట్టరువు వంశానికి రెండు కళ్లని పొగడడం ఆనవాయితీ. పేరు కలిసింది కదా అని పనులను కలిపివేయడమిది. కత్తి దేనికోసం లేచిందో అడగకుండా కత్తిని పొగిడితే, కలాన్ని కూడా అదే మొలలో దోపినట్టవుతుంది. భారతకర్తకు ఇది న్యాయం కాదు. ఖడ్గ తిక్కనకు కూడా న్యాయం కాదు. రాజు పన్ను కోసం ప్రాణమిచ్చినవాడిని పరువు కోసం ప్రాణమిచ్చినవాడిగా మార్చి, అతని చావుకు అసలు కారణాన్నే మనం దాచిపెడుతున్నాము.

పుల్లరి పాతకాలపు మాట అనుకోవడానికి వీలులేదు. 1921-22లో పల్నాటి రైతులు అడవిలో పశువులు మేపుకోవడానికి అదే పుల్లరి కట్టమని ఎదురు తిరిగారు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తెల్లదొరల పోలీసుల తూటాలకు బలి అయ్యాడు. ఏడువందల సంవత్సరాలకు దగ్గరగా గడిచినా గడ్డి మీద పన్ను, పన్ను మీద పోరు అలాగే ఉన్నాయి. అప్పటి పాలకుల తరపున తుపాకి పట్టినవాళ్లు కూడా చాలావరకు జీతానికి కుదిరిన ఈ దేశపు మనుషులే.

కనుక తెలుగు పాఠాలలో చాటువులనూ, కాటమరాజు కథనుంచి ఒక భాగాన్నీ, గోగ్రహణాన్నీ ఒక్కచోట చేర్చి చదివించాలని నా కోరిక. మూడింటిలోనూ పశువులుంటాయి, యుద్ధముంటుంది, మరణముంటుంది. వాటిని వరుసగా చదివిన విద్యార్థి తిక్కన అంటే ఏ తిక్కన అని అడిగినప్పుడు, తండ్రుల పేర్లు మాత్రమే చెప్పి ఊరుకోలేము. ఆ తిక్కన ఎవరి పక్షాన, ఎవరి మాటలలో, ఎవరి కోసం నిలిచాడో కూడా అతనికి చెప్పవలసి వస్తుంది.