తెరమీద ఎవరెస్టు: ‘పూర్ణ’ చిత్ర విమర్శ

రాహుల్ బోస్ దర్శకత్వం వహించిన ‘పూర్ణ’ అను హిందీ చిత్రము 2017లో విడుదలయింది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, పదునాలుగేండ్లు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కిన వృత్తాంతమే దీని కథ. పాఠశాలల్లో ప్రదర్శింపదగిన చిత్రమనుటకు సందేహము లేదు. కాని ప్రదర్శించే ఉపాధ్యాయుడు పూరింపవలసిన ఖాళీ ఒకటి ఇందులో ఉన్నది.

మానవుడు ప్రాణములొడ్డి కొండ లెందుకు ఎక్కుతాడు? కీర్తి కొరకని, సాహసము కొరకని సాధారణముగా చెప్పుదురు. ఈ చిత్రమిచ్చే సమాధానము వేరు. బాల్యవివాహమైన అక్క వరుస పిల్ల ప్రియ బ్రతుకు ఎట్లు ముగిసినదో చూచిన ప్రేక్షకునికి, ఆ పిల్లలకు కొండకంటె ఇల్లే ప్రమాదకరమేమో ననిపిస్తుంది. చిత్రములో మిక్కిలి బలమైన భాగమిదే.

బలహీనత కొండమీద మొదలవుతుంది. అక్కడి ప్రమాదము మంచుగా, చలిగా కంటికి కనిపిస్తుంది. అసలు శత్రువు కంటికి కనబడదు. అనంతపురము సముద్రమట్టమునకు సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ భారమితిలో పాదరసము దాదాపు 730 మిల్లీమీటర్లు నిలుస్తుంది. 1981లో అమెరికా వైద్యపరిశోధక బృందము ఎవరెస్టు కొననే కొలువగా వచ్చినది 253. రెండుచోట్లా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. అయితే శ్వాసనాళములో నీటిఆవిరి తన వంతుగా 47 మిల్లీమీటర్ల పీడనమును ఆక్రమిస్తుంది. దానిని తీసివేసి విద్యార్థులే లెక్క కట్టవచ్చును: ఇక్కడ ప్రాణవాయువు పీడనము 143, అక్కడ 43. ఇంత తక్కువ పీడనముతో రక్తములోనికి చేరే ప్రాణవాయువు చాలదు. ఊపిరితిత్తులలోనో, మెదడులోనో నీరు చేరవచ్చును. ఆలోచనాశక్తి మందగిస్తుంది, దిగిపోవలెనని తోచవలసిన మెదడే ముందుగా మొద్దుబారుతుంది.

చిత్రము వీనిని గూర్చి చెప్పేది బహుస్వల్పము. భువనగిరి బండమీది శిక్షణను మాత్రము ముచ్చటగా చూపినారు. ఆ బండ చేతులకు, కాళ్లకు నేర్పగలదే గాని రక్తమునకు నేర్పలేదు. రక్తములో ఎఱ్ఱకణములు పెరుగుటకు ఎత్తైన తావుల్లో వారాల తరబడి మెల్లగా ఎక్కుచు దిగుచు గడుపవలెను. విసుగు పుట్టించే ఈ నిరీక్షణ సినిమాకు పనికిరాదు కాబోలు! ఫలితముగా సంకల్పముంటే చాలునన్న భావము పిల్లల మనసులో నాటుకుంటుంది.

వయస్సు ప్రశ్న మరొకటి. నేపాలు వైపునుండి 16 ఏండ్లలోపు వారికి అనుమతి లేదు. పూర్ణ ఎక్కినది టిబెట్టు వైపునుండి. ఆ నియమమెందుకో పిల్లలు తప్పక అడుగుతారు. చర్చ జరగవలసినదే.

ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాలు వైపు మంచుచరియ విరిగిపడి, ఇతరుల యాత్రకు త్రోవ సిద్ధపరచుచు, మూటలు మోయుచున్న 16 మంది నేపాలీ కూలీలు మరణించినారు. కూలికై ఊరువిడుచుట అనంతపురము పల్లెలకు క్రొత్తకాదు. ‘ఎందుకు ఎక్కుతారు’ అను ప్రశ్నకు వారి జవాబు కూడ చేరవలెను.

అనుభవము రక్షించునందురా? నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 రోజులలో ఎక్కినాడు. 2015 మార్చిలో, 6,748 మీటర్ల ఆండీస్ శిఖరము ట్రెస్ క్రుసెస్ దక్షిణకొమ్మువైపు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న అతని దేహము కనుగొన్నారు.