అవధాని మనసు ఎక్కడుంటుంది?

అష్టావధానం చూసి బయటికొచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట, "అబ్బ, ఏం ధారణ!" అని. చెప్పిన పద్యాలను గుర్తుంచుకునే ఆ ధారణ గొప్పదే. కానీ అంతకన్నా ముందు మెచ్చుకోవలసింది అవధాని ఎరుకనని నా నమ్మకం. పద్యాలు అప్పజెప్పడం సభ చివర్లో జరిగే పని. ఎరుక మాత్రం మొదటి ప్రశ్న నుంచే ఉండాలి, లేకపోతే చివర్లో అప్పజెప్పడానికేమీ మిగలదు.

ఎప్పుడూ చూడనివారి కోసం సభ తీరు కొంచెం చెబుతాను. అవధాని చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు పూరించమని ఒక పాదం సమస్యగా ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమని దత్తపది అడుగుతారు, ఇంకొకరు వర్ణన కోరతారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే తర్వాత ఏది రాకూడదో ఆంక్ష పెడుతుంటాడు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి పక్కవారి వైపు తిరుగుతాడు. ఇలా నాలుగు ఆవృత్తాలు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు తోస్తే అప్పుడు అడ్డుపడతాడు. అతనికి విసుక్కోకుండా, చమత్కారంగా బదులివ్వాలి.

అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడంటాం. దగ్గరగా గమనిస్తే ఏ క్షణానికి ఆ ఒక్క పద్యంలోనే ఉంటాడు. సమస్య పూరిస్తున్నప్పుడు దత్తపది గురించి బెంగ ఉండదు. అసలు విద్యంతా పూర్తిగా విడిచిపెట్టడంలో, మళ్లీ పూర్తిగా అందుకోవడంలో ఉంది.

ఆ అందుకోవడానికి ఊతం ఛందస్సు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పద్యానికి 80. అలాంటివి మూడు నడుస్తుంటే 240. మనిషి మనసు ఒక పట్టున ఏడు అంశాలను, రెండు అటూ ఇటూగా, నిలుపుకోగలదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. అంశాలను గుంపులుగా కట్టుకుంటే ఆ పరిమితిని దాటవచ్చని కూడా ఆయనే చెప్పారు. పద్యం చేసే పని సరిగ్గా అదే. నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ప్రాస ఉంటుంది, పదో అక్షరం దగ్గర యతి ఉంటుంది. ప్రాస తలపుకొస్తే పాదం ఎత్తుగడ దొరుకుతుంది, యతి దగ్గర రెండో సగం కదులుతుంది. ఛందస్సు నరాల్లో ఇంకినవాడు గణాల కోసం వెతుక్కోడు గనుక, అతని ధ్యాస భావం మీద నిలుస్తుంది.

అన్ని అంశాల్లోకీ నేను పెద్దపీట వేసేది ఘంటాగణనానికి. సభ జరుగుతుండగా ఒకరు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు. ఒకసారి ఒక్కటి, మరోసారి మూడు, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మొత్తం ఎన్నో చివర్లో చెప్పాలి. గంట కోసం చెవి రిక్కిస్తే పద్యం కుంటుపడుతుంది, పద్యంలో మునిగిపోతే గంట వినపడదు. ధ్యాన సాధనలో మనసును ఒకదానిపై నిలపడం ఒక పద్ధతి, వచ్చిపోయేవాటిని పట్టుకోకుండా గమనించడం మరో పద్ధతి. అవధానికి ఆ రెండూ కలిసి కావాలి. ప్రేక్షకులు పూరణకు చప్పట్లు కొట్టి, గంటల లెక్కను తేలిగ్గా తీసుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఈ ఎరుక పుట్టుకతో వచ్చే గుణమా? కొంతవరకు అంతే. ధ్యానం ఎన్నడూ చేయనివాళ్లలోనూ ఈ ఎరుక హెచ్చుతగ్గులుగా ఉంటుంది. దాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు కిర్క్ వారెన్ బ్రౌన్, రిచర్డ్ రయాన్ 2003లో 15 వాక్యాల ప్రశ్నావళి ప్రచురించారు. చేస్తున్న పనిలో మనసు లేకుండా ఎంత తరచుగా గడిపేస్తామో అది అడుగుతుంది. కానీ మన అవధానులు సహజ గుణాన్నే నమ్ముకుని కూర్చోలేదు. తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకున్నవాళ్లు. సంస్థానాల్లో శతావధానాలు చేసి మెప్పించిన ఆ ధాటి వెనక గురువు దగ్గర గట్టిపడిన పాండిత్యం ఉంది.

పిల్లలకు ఏకాగ్రత లేదని దిగులుపడే తల్లిదండ్రులు, టీచర్లు ఈ విద్యలోంచి కొంత తీసుకోవచ్చు. పద్యం రాకపోయినా పర్లేదు, దీన్ని ఒక ఆటగా ఆడించవచ్చు. ఒకరు కథ చెప్పాలి, ఒకరు మధ్యమధ్య బల్ల మీద తట్టాలి, ఇంకొకరు సంబంధం లేని ప్రశ్నలు వేయాలి. కథ చెప్పేవాళ్లు నవ్వుతూ బదులిచ్చి, ఆపిన వాక్యం దగ్గరే మళ్లీ ఎత్తుకోవాలి, చివర్లో ఎన్నిసార్లు తట్టారో చెప్పాలి. మొదట్లో అయిదు నిమిషాలు చాలు.