రెండు మిల్లీమీటర్ల సందు

డాలస్ దగ్గర మేముండే ఊళ్లో శనివారం పొద్దున్నే షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం నాకు చాలా ఏళ్ల అలవాటు. మొన్న వేసవిలో ఓ శనివారం, మూడో మ్యాగజైన్ మధ్యలో ట్రిగ్గర్ నొక్కితే పిస్టల్ పేలలేదు. గొట్టం మూతి టార్గెట్ వైపే ఉంచి చూశాను. పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్ ముందుకైతే వచ్చింది, చివరిదాకా మూసుకోలేదు. రెండు మిల్లీమీటర్ల సందు మిగిలింది. వెనక నుంచి బొటనవేలితో నెట్టితే టక్కున కూర్చుంది. పది తూటాల తర్వాత మళ్లీ అదే.

ఆడలేక మద్దెల ఓడనకూడదని ముందు నా చేతినే అనుమానించాను. మణికట్టు వదులైతే స్లైడ్ కదలిక తగ్గుతుంది, అది నిజమే. తర్వాత తూటాలను, ఆ తర్వాత మురికిని అనుమానించాను. ఇంటికొచ్చి శుభ్రం చేసి నూనె వేశాను, తూటాల పెట్టె మార్చాను, పట్టు బిగించాను. మూడూ ఒకేసారి చేశాను. మరుసటి శనివారం యాభై తూటాలు సాఫీగా వెళ్లాయి. నయమైందనుకున్నాను. ఏది మార్చినందుకు నయమైందో తెలియనప్పుడు నయమైనట్టు కాదని అప్పటికి తట్టలేదు. ఆ పై వారం సందు మళ్లీ కనిపించింది.

రేంజ్‌లో తుపాకులు బాగుచేసే డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. పిస్టల్ అందుకోకముందే రెండు ప్రశ్నలడిగారు: ఖాళీ షెల్స్ ఎక్కడ పడుతున్నాయి? దీని రీకాయిల్ స్ప్రింగ్ మీద ఎన్ని తూటాలు కాల్చావు? మొదటిదానికి నేల చూసి జవాబు చెప్పాను. ఎప్పుడూ పక్కనే రాలేవి ఇప్పుడు బాగా వెనక్కి ఎగిరిపడ్డాయి. రెండోదానికి నా దగ్గర జవాబే లేదు.

ఆ రెండే ఎందుకు అడిగారో పిస్టల్ పనితీరు చూస్తే తెలుస్తుంది. తూటా పేలగానే స్లైడ్, గొట్టం కలిసి కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. గొట్టం వెనక భాగం కిందికి వాలి కొక్కెం వీడుతుంది, స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కి వెళ్లి ఖాళీ షెల్‌ను విసిరేస్తుంది. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టిన జాన్ బ్రౌనింగ్ పట్టుకున్న ఈ కిటుకు, 1911లో అమెరికా సైన్యం తీసుకున్న ఆయన పిస్టల్‌తో స్థిరపడింది. అక్కడిదాకా మందు బలం. అక్కడినుంచి స్లైడ్‌ను ముందుకు తోసి, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా లాగి, దాన్ని ఛాంబర్‌లో కూర్చోబెట్టి, గొట్టాన్ని తిరిగి బిగించే పనంతా గొట్టం కింద దాగిన రీకాయిల్ స్ప్రింగ్‌ది. అది బలహీనపడితే స్లైడ్ వెనక్కి మరీ విసురుగా వెళ్తుంది, ముందుకు మాత్రం నీరసంగా వస్తుంది. షెల్స్ దూరం పడటం, సందు మిగలడం ఒకే రోగానికి రెండు లక్షణాలు.

పెద్దాయన ముందు మ్యాగజైన్ తీయించారు. స్లైడ్ లాగి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి చెప్పమన్నారు. తర్వాత రేంజ్ లోపలి వైపే తిప్పి మూతిని నలభై అయిదు డిగ్రీలు పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లైడ్‌ను లాగి మెల్లగా వదలమన్నారు. నాదిలాంటి స్ట్రైకర్ పిస్టల్‌లో, అంటే సుత్తికి బదులు లోపలి సూదే తూటాను కొట్టే రకంలో, ట్రిగ్గర్ నొక్కి ఉంచితే స్ట్రైకర్ స్ప్రింగ్ అడ్డుపడదు, రీకాయిల్ స్ప్రింగ్ సొంత సత్తువ బయటపడుతుంది. స్లైడ్ సగం దారిలోనే ఆగిపోయింది. నాడి దొరికింది.

పిస్టల్ విప్పి ఆ స్ప్రింగ్‌ను తెల్లగుడ్డ మీద పెట్టాం. రాడ్‌తో కలిసి ఒకే ముక్కగా వచ్చే రకం. పైకి నిండుగానే కనిపించింది. వేలితో తిప్పితే ఒక చుట్టు తెగి ఉంది. తెగిన కొస పక్క చుట్టులోకి స్క్రూలా దూరి అక్కడే పట్టుకుంది. కొత్తది రాడ్ మీద బిగువుగా ఉంటే, పాతది వదులుగా ఆడింది. విరిగి కూడా ఇన్నాళ్లు పనిచేసింది కనుకే పట్టుకోలేకపోయాను. నేను బొటనవేలితో నెట్టిన ప్రతిసారీ అది చెప్పబోతున్న మాటను నొక్కేశాను.

చిన్న పిస్టళ్లలో స్ప్రింగ్ మీద భారం ఎక్కువ. ఉదాహరణకు గ్లాక్ కంపెనీ పిస్టళ్లలో గ్లాక్ 17 గొట్టం 114 మిల్లీమీటర్లు, 1988లో వచ్చిన గ్లాక్ 19ది 102. తూటా అదే తొమ్మిది మిల్లీమీటర్లది, దాని బలమూ అదే. తేలికైన స్లైడ్‌ను ఇరుకైన చోటులో ఆపాల్సింది మాత్రం పొట్టి స్ప్రింగే. అందుకే అరగకముందే లెక్క ప్రకారం మార్చాలి.

ఆ రోజునుంచి నా సంచిలో చేతి పుస్తకం ఒకటి ఉంటోంది. మొదటి పేజీలో కొత్త స్ప్రింగ్ వేసిన తేదీ, దాని కింద వారం వారం కాల్చిన తూటాల లెక్క. టార్గెట్ మీద చిల్లులు చూసుకోవడానికి ముందు ఇప్పుడు నేల చూస్తున్నాను, షెల్స్ ఎక్కడ రాలాయోనని.