ఎడమవైపు వెలుగు

అది 1979. బ్లాక్ హోల్ ఎలా ఉంటుందో అప్పటికి ఎవరూ చూడలేదు. ఫ్రాన్స్‌లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జాన్-పియెర్ ల్యుమినే దాని బొమ్మ వేశాడు. పంచ్ కార్డులతో నడిచే ఐబీఎం 7040 కంప్యూటర్ ఆయన చేతికిచ్చింది వట్టి అంకెలే. వాటిని బట్టి కాగితం మీద ఒక్కో సిరాచుక్క పెట్టుకుంటూ పోయాడు. కాంతి ఎక్కువున్న చోట చుక్కలు దట్టం, తక్కువున్న చోట పలచన. ఆ కాగితాన్ని నెగెటివ్‌గా తీసుకుంటే సిరా అంతా వెలుగైంది!

మొదట కన్ను ఆగేది కమాను దగ్గర. బ్లాక్ హోల్ చుట్టూ వేడెక్కి తిరిగే వాయుచక్రాన్ని, దాని తలానికి పది డిగ్రీల ఎత్తు నుంచి చూస్తున్నాం. శనిగ్రహ వలయాలకైతే ఆ కోణంలో వెనకభాగం గ్రహం చాటుకు పోతుంది. ఇక్కడ చాటన్నదే లేదు. వెనక నుంచి బయల్దేరిన కాంతి గురుత్వానికి వంగి, నలుపు మీదుగా మనవైపు దిగుతుంది. చక్రం వెనక సగం నల్లటి గుండ్రం నెత్తిన లేచి నిలబడుతుంది. అడుగుభాగపు కాంతి కింద సన్నని అంచు కడుతుంది. దాచాల్సిన వస్తువే దాగినదాన్ని చూపిస్తోంది.

ఇక ఎడమవైపు చూడండి. చక్రం లోపలి అంచున పదార్థం కాంతివేగంలో సగంతో పరుగెడుతోంది. ఎడమన మనకు ఎదురొస్తుంది కనుక భగ్గుమంటుంది; కుడిన దూరమవుతుంది కనుక మసకబారుతుంది. 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లర్’ సినిమా, ప్రేక్షకులు తికమకపడతారని ఈ తేడాను తీసేసి రెండు వైపులా సమంగా వెలిగించింది. కంటికి ఇంపే, కానీ వేగం పోయింది. ల్యుమినే చక్రం ఒక పక్కకు ఒరిగిన వెలుగుతోనే తిరుగుతోంది.

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఈ చక్రంలో పడే పదార్థం, తన చుట్టూ తాను తిరగని బ్లాక్ హోల్ దగ్గర కూడా, దాదాపు 6 శాతాన్ని వెలుగుగా వదిలిపోతుంది. అంత కాంతి నడుమ ఆ నలుపు ఖాళీ జాగా కాదు. అక్కడ గట్టి ఉపరితలమున్న మరో వింత వస్తువేదైనా ఉంటే, పడ్డ పదార్థం దానికి గుద్దుకుని వెలగాలి. నలుపు చెక్కుచెదరకుండా ఉండడమే ఈవెంట్ హొరైజన్ (దాటితే కాంతి కూడా తిరిగిరాని హద్దు) వైపు చెప్పే సాక్ష్యం.

2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీలోని బ్లాక్ హోల్ అసలు చిత్రం విడుదలైంది. దూరం 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు, బరువు 650 కోట్ల సూర్యులు. దాన్ని దాదాపు పైనుంచి చూస్తున్నాం కాబట్టి కమాను కనబడదు. నడుమ నలుపు మాత్రం ఉంది. వలయంలో ఒక పక్క రెండోదానికంటే ప్రకాశంగానూ ఉంది.

అద్భుత రసానికి స్థాయీభావం విస్మయమన్నారు ఆలంకారికులు. ఇక్కడ ఆ విస్మయం ఊహ చేసిన అలంకారంలోంచి పుట్టలేదు. సమీకరణం చెప్పిన వంకరను సరిదిద్దని నిగ్రహంలోంచి పుట్టింది.