బల్లమీద చోటు, మనసులో చోటు

సుజాత గిడ్ల అను మన తెలుగు సోదరి ఇంగ్లీషున వ్రాసిన "యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్" అను గ్రంథము 2017లో అమెరికాలో వెలువడెను. ఏనుగుల నడుమ చీమలని ఆ పేరునకు అర్థము. ఆమెది కాజీపేట. మన భువనగిరి మీదుగా పోవు రైలు చేరు ఊరే అది. కావున ఈ కథ మనకు పరాయిది కాదు.

ఒక మాల క్రైస్తవ కుటుంబమునకు చదువు ఎట్లు వచ్చెనో ఇందు చదువుదుము. కెనడా మిషనెరీలు వారికి అక్షరములు నేర్పిరి. తాత ప్రసన్నరావుగారును అవ్వ మరియమ్మగారును ఉపాధ్యాయులైరి. ఒక కుమారునికి కేరీ అను మిషనెరీ పేరు పెట్టుకొనిరి. కుమార్తె మంజులగారు కళాశాలలో పాఠములు చెప్పిరి.

అయినను గ్రంథకర్త్రి చిన్నతనమున క్రైస్తవులన్నను అంటరానివారన్నను ఒకటే అనుకొనెనట. తానెరిగిన క్రైస్తవులందరు హిందువుల యెదుట ఒదిగి నిలుచుటయే ఆమె చూచెను. చదువు వచ్చెను గాని వంగిన మెడ నిలువలేదు.

అమెరికాలోను ఇట్లే జరిగెను. తెల్లవారికి నల్లవారికి వేరువేరు బడులు కూడదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1960 నవంబరు 14న న్యూ ఓర్లియన్సులో రూబీ బ్రిడ్జెస్ అను ఆరేండ్ల నల్ల బాలిక ప్రభుత్వ భటుల కాపుదలతో తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టెను. వెంటనే అనేకులు తమ పిల్లలను మానిపించిరి. ఆ యేడు చాలవరకు తరగతిలో ఆమెయు ఉపాధ్యాయినియు మాత్రమే. చట్టము బడి తలుపు తెరచెను గాని ప్రక్కన కూర్చుండుటకు ఎవరును రాలేదు.

సుజాతగారి గ్రంథములో ఒక లోటు కలదు. మిషను బడుల మేలును ఆమె చెప్పును గాని, విశ్వాసము ఆ యింటివారి హృదయములలో ఏమి చేసెనో క్లుప్తముగా దాటిపోవును. ఇందుకు ఆమెనే నిందింపరాదు. పెద్దల మెడ నిలబెట్టని విశ్వాసము బిడ్డ కంటికి ఎట్లు కనబడును?

ప్రియ చదువరులారా, ధనికునికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని క్రింద కూర్చుండుమనిన సంఘమును యాకోబు గద్దించెను. మాలలకొక గుడి, మాదిగలకొక గుడి అను మాట మన పల్లెలలో వినబడుచున్నంత కాలము ఆ గద్దింపు మనకును చెల్లును. వచ్చు ఆదివారము మన బిడ్డలు ఎవరి ప్రక్కన కూర్చుందురో చూతము. ఆరాధన ముగిసిన పిమ్మట ఎవరి యింట భోజనము చేయుదురో అదియు చూతము.